‘అతడు’ అంటే ‘ఆమె’ కూడానా?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఇంగ్లీషు వ్యాకరణం సంగతేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. కార్యక్రమ పత్రంలో నా అంశం చూసి ఒక మిత్రురాలు “మళ్లీ బడికి పంపిస్తున్నావా?” అని అడిగింది కూడా. నిజమే, బడి దగ్గరే మొదలుపెడతాను. ఆ బడి నుంచి కోర్టుకు నేరుగా ఒక దారి ఉంది. ఆ దారిలో చాలామంది ఆడవాళ్లు నడిచారు, కొందరు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చారు.

ఇంగ్లీషుకు తర్కం లేదన్న ఫిర్యాదు కొత్తది కాదు. పి యు టి ‘పుట్’ అయితే బి యు టి ‘బట్’ ఎందుకయిందని అడిగి తిట్లు తిన్నవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. ఇంగ్లీషువాళ్లకూ ఈ ఫిర్యాదుంది. దాదాపు మూడు వందల ఏళ్లుగా ఎవరో ఒకరు ఆ భాషను సరిచేస్తాం, తర్కబద్ధం చేస్తాం అంటూ ముందుకొస్తూనే ఉన్నారు. రెండు ‘కాదు’లు కలిస్తే ‘అవును’ అవుతుందని లెక్కల సూత్రం తెచ్చి జనం మాటల మీద పెట్టినవాళ్లున్నారు. 1930లో సి.కె. ఆగ్డెన్ 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీష్’ తయారుచేశాడు. వాటి జోలికి నేను పోను. ఒక్క చిన్న మాట తీసుకుంటాను. అది ‘హీ’. అంటే అతడు.

‘ప్రతి విద్యార్థీ తన పుస్తకం తెచ్చుకోవాలి’ అని మనం తేలిగ్గా అంటాం. ఆ ‘తన’లో ఆడపిల్లా ఉంది, మగపిల్లవాడూ ఉన్నాడు. ఇంగ్లీషుకు ఈ ‘తన’ లేదు. ‘హిజ్’ అంటే అతని, ‘హర్’ అంటే ఆమె. మరి అక్కడి జనం ఏం చేశారు? ‘దెయిర్’ అన్నారు, అంటే వాళ్ల పుస్తకం అని. పద్నాలుగో శతాబ్దం నుంచీ ఇలా ఏకవచనానికి ‘దే’ వాడినట్టు రాతలో ఆధారాలున్నాయి. షేక్స్పియర్ వాడాడు, జేన్ ఆస్టిన్ వాడింది. ఎవరికీ అర్థం కాకపోవడమన్నది లేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో వ్యాకరణ పుస్తకాల కాలం వచ్చింది. లాటిన్ చదివినవాళ్లు ఇంగ్లీషుకూ క్రమశిక్షణ నేర్పాలనుకున్నారు. ‘ప్రతి ఒక్కరు’ ఏకవచనం, ‘దే’ బహువచనం, రెండూ పొసగవు, కాబట్టి ‘హీ’ అనాలి అన్నారు. ‘హీ’ అన్నప్పుడు ఆమె కూడా అందులోనే ఉన్నట్టు అనుకోవాలి అన్నారు. 1745లో వెలువడిన ఒక వ్యాకరణ పుస్తకంలో, ఇద్దరికీ వర్తించే మాటకు పురుష సర్వనామం సరిపోతుందన్న సూత్రం కనిపిస్తుంది. రాసింది ఆన్ ఫిషర్, న్యూకాజిల్లో బడి నడిపిన స్త్రీ. ఇది విని మీరు నవ్వవచ్చు, నొచ్చుకోవచ్చు. నాకు మాత్రం ఆశ్చర్యం లేదు. ఆ రోజుల్లో ఒక స్త్రీ వ్యాకరణం రాసి పేరు తెచ్చుకోవడమే పెద్ద సంగతి, వ్యాకరణానికి పునాది వేసినవాళ్లు వేరే ఉన్నారు. పుంలింగం స్త్రీలింగం కన్నా యోగ్యమైనదని అంతకు ముందే లాటిన్ పాఠ్యపుస్తకాలు పిల్లలకు వల్లె వేయించాయి. 1795లో లిండ్లీ మరే తన వ్యాకరణంలో ఏకవచనపు ‘దే’ను తప్పుల పట్టీలో చేర్చాడు. ఆ పుస్తకం ఇంగ్లండులోనూ అమెరికాలోనూ లెక్కలేనన్ని సార్లు అచ్చయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. 1975లో ఆన్ బోడీన్ అనే పరిశోధకురాలు ఒక వ్యాసంలో చాలా తేలికైన ప్రశ్న వేసింది. ‘ప్రతి ఒక్కరూ’ అన్నదానికి ‘దే’ వాడితే వచనం పొసగదు, సరే. ‘హీ’ వాడితే లింగం పొసగదు కదా! రెండూ పొసగనివే. ఒకటి తప్పెలా అయింది, రెండోది ఒప్పెలా అయింది? తర్కం పేరుతో వచ్చిన సూత్రంలో తర్కం సగమే ఉంది. రెండో సగం వాళ్ల కంటికి ఆనలేదు. మనుషులు ఒక్కరా ఇద్దరా అన్నది వాళ్లకు ముఖ్యమయింది గానీ, ఆడా మగా అన్నది ముఖ్యం కాలేదు.

‘యూ’ సంగతి కూడా చూడండి. ఒకప్పుడు అది బహువచనం, మన ‘మీరు’ లాంటిది. ఒక్కరిని ‘దౌ’ అనేవాళ్లు. గౌరవం కోసం ఒక్కరిని కూడా ‘యూ’ అనడం మొదలై, చివరికి ‘దౌ’ పోయింది. ఇవాళ ఒక్క మనిషిని పట్టుకుని ‘యూ ఆర్’ అని బహువచన క్రియ వాడితే ఏ వ్యాకరణవేత్తా తప్పు పట్టడు. అదే పని ‘దే’ చేస్తే మాత్రం తర్కం గుర్తొస్తుంది.

సరే, బడిలో పిల్లలకు నేర్పితే నేర్పారు, దానివల్ల ఎవరికేం నష్టం అంటారా? ఇప్పుడు కోర్టుకు వద్దాం.

1850లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. చట్టాల భాషను క్లుప్తం చేయడం దాని ఉద్దేశం. ప్రతిచోటా ‘అతడు లేక ఆమె’ అని రాయడం దేనికి, పురుషవాచకం వాడితే స్త్రీలు కూడా వస్తారు, వేరుగా చెబితే తప్ప, అని అందులో రాశారు. చదవడానికి ఎంత బాగుంది! స్పష్టత, పొదుపు, అందరూ లోపలే. పదిహేడేళ్లు గడిచాయి. 1867లో ఓటు హక్కును విస్తరించే చట్టం వచ్చింది. 1832 నాటి చట్టంలో ‘పురుష వ్యక్తి’ అని ఉన్నచోట కొత్త చట్టంలో ‘మ్యాన్’ అని రాశారు. జాన్ స్టూవర్ట్ మిల్ ఆ ‘మ్యాన్’ తీసేసి ‘పర్సన్’ అని పెట్టమని సవరణ ప్రతిపాదించాడు. అనుకూలంగా 73, వ్యతిరేకంగా 196 ఓట్లు వచ్చి అది వీగిపోయింది.

కానీ మాంచెస్టర్ స్త్రీలు 1850 చట్టం చదివారు. ‘మ్యాన్’ పురుషవాచకం, పురుషవాచకంలో మేమూ ఉన్నామని మీరే రాశారు కదా అన్నారు. అంతకు ముందే, 1867 నవంబరులో, లిలీ మాక్స్‌వెల్ అనే దుకాణదారు పేరు పొరపాటున ఓటర్ల జాబితాలోకి ఎక్కింది, ఆమె వెళ్లి ఓటు వేసి వచ్చింది. 1868లో 5,346 మంది మాంచెస్టర్ స్త్రీలు ఓటర్లుగా నమోదు కావాలని కోరారు. ‘చోర్ల్టన్ వర్సెస్ లింగ్స్’ అన్న పేరుతో ఆ వ్యవహారం కోర్టుకు వెళ్లింది. ఓటు విషయంలో ‘మ్యాన్’ అంటే స్త్రీ కాదని కోర్టు తేల్చింది. పన్నుల రసీదు మీద ఈ చిక్కే రాలేదు. అక్కడ ‘అతడు’లో ఆమె ఎప్పుడూ ఉంది.

ఇదంతా దొరల దేశపు కథ అనుకోకండి. అదే ఇంగ్లీషు, అదే సూత్రం మన దేశానికి చట్టాల రూపంలో దిగుమతి అయ్యాయి. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి ఎనిమిదో సెక్షన్లో ‘హీ’ అన్న సర్వనామం పురుషుడికైనా స్త్రీకైనా వర్తిస్తుందని రాశారు. ఆ వాక్యంలో అయితే గియితే లేవు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం పదమూడో సెక్షన్ కూడా పురుషవాచకంలో స్త్రీలు వస్తారనే చెప్పింది. కాకపోతే ముందు ఒక మెలిక పెట్టింది, విషయానికో సందర్భానికో విరుద్ధంగా లేనంతవరకు అని. శిక్ష వేసేచోట మెలిక లేదు. మిగతాచోట్ల ఉంది. ఆ మెలిక ఎవరి చేతిలో ఉంటుందో చూడండి.

1916లో రెజీనా గుహ అనే యువతి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని, ప్లీడరుగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టింది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టంలో అంతటా ‘హీ’ ఉంది. ‘హీ’లో నేనూ ఉన్నాననేది ఆమె వాదన. కలకత్తా హైకోర్టు ఒప్పుకోలేదు. 1921లో సుధాంశుబాలా హజ్రా పాట్నాలో అడిగింది, అక్కడా కాదన్నారు. అదే 1921లో అలహాబాదు హైకోర్టు కార్నీలియా సొరాబ్జీని వకీలుగా చేర్చుకుంది. వ్యాకరణం అదే, చట్టాలూ అవే. ఒక ఊళ్లో ‘హీ’ అంటే ఆమె కూడా, ఇంకో ఊళ్లో కాదు. చివరికి 1923లో స్త్రీలు న్యాయవాదులు కావచ్చని ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సివచ్చింది. అందరూ ఇప్పటికే లోపల ఉన్నారన్నప్పుడు, తలుపు తీయడానికి మళ్లీ చట్టమెందుకు?

నేను వ్యాకరణాన్ని తిట్టడానికి రాలేదు. ఆ న్యాయమూర్తుల మనసులో స్త్రీకి చోటు ఉంటే ‘హీ’ అడ్డు వచ్చేది కాదు. అలహాబాదులో రాలేదు కదా. అలాగే మాట మారినంత మాత్రాన పని జరిగిపోదు. మిల్ కోరిన ‘పర్సన్’ కెనడా రాజ్యాంగ చట్టంలో ఉంది. సెనేట్‌కు ‘అర్హులైన పర్సన్స్’ను నియమించవచ్చని రాసి ఉంది. ఆ మాటలో స్త్రీలు ఉన్నారా అని అయిదుగురు స్త్రీలు అడిగితే, 1928లో కెనడా సుప్రీంకోర్టు లేరని చెప్పింది. అర్హతలు చెప్పేచోట ‘హీ’ ఉందన్నది అక్కడ వచ్చిన వాదనల్లో ఒకటి. 1929 అక్టోబరు 18న లండన్లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. స్త్రీలు మనుషులేనన్నది అలా తేలింది. నేను చెప్పేదల్లా ఒక్కటే. ‘హీ’ అంటే ఇద్దరూ అన్న సూత్రాన్ని స్పష్టత పేరుతో అమ్మారు. అది చేసిందేమిటంటే, ఆమె లోపల ఉందా బయట ఉందా అన్న నిర్ణయాన్ని చదివేవాడికి వదిలేసింది. చదివేవాడికి అది వెసులుబాటు. దరఖాస్తు పట్టుకుని నిలబడ్డ మనిషికి అది స్పష్టత ఎలా అవుతుంది?

దీన్ని బాగుచేయాలని మరికొందరు కొత్త మాటలు పుట్టించారు. అమెరికాలో చార్లెస్ క్రోజట్ కన్వర్స్ అనే న్యాయవాది, సంగీతకారుడు కూడా, ‘దట్ వన్’ను కుదించి ‘థాన్’ అనే సర్వనామం చేసి 1884లో ప్రకటించాడు. అది వెబ్‌స్టర్ నిఘంటువు 1934 కూర్పులో చోటు సంపాదించింది, 1961 కూర్పుకల్లా పోయింది. 1912లో షికాగో పాఠశాలల అధికారిణి ఎల్లా ఫ్లాగ్ యంగ్ ‘హీ’నీ ‘హర్’నీ అతికించి ‘హీయర్’, ‘హిజర్’ అనేవాటిని సమర్థించింది. పత్రికలు కాస్త నవ్వుకున్నాయి, అంతే. ఇలాంటివి రెండు వందలకు పైగా పుట్టాయని డెన్నిస్ బారన్ అనే భాషావేత్త పోగుచేసి చూపించాడు. ఒక్కటీ నిలవలేదని కాదు గానీ, జనం నోట పడింది ఏదీ లేదనే చెప్పాలి. నామవాచకాలు రోజుకో కొత్తది వచ్చి చేరతాయి, సర్వనామాలు అలా చేరవు. అవి తల్లి ఒళ్లో నేర్చుకునేవి.

1971లో హార్వర్డ్‌లో మతశాస్త్ర విద్యార్థినులు క్లాసులో పురుష సర్వనామాల గురించి అభ్యంతరం చెబితే, అక్కడి భాషాశాస్త్ర శాఖవాళ్లు కలిసి పత్రికకు ఉత్తరం రాశారు. ఇది వ్యాకరణ లక్షణం మాత్రమే, ఆందోళన పడాల్సిన పని లేదని. ‘సర్వనామాల అసూయ’ అని వెటకారం కూడా చేశారు. ఆందోళన పడాలో లేదో పిల్లల్ని అడిగి చూసింది జానెట్ హైడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1984లో అచ్చయిన అధ్యయనం అది. ‘వడ్జ్‌మేకర్’ అని లేని ఉద్యోగం ఒకటి కల్పించి, ఆ పని గురించి పిల్లలకు చెప్పింది. కొందరికి ‘హీ’ అని, కొందరికి ‘దే’ అని, కొందరికి ‘హీ ఆర్ షీ’ అని, కొందరికి ‘షీ’ అని. ఆ పని ఆడవాళ్లు ఎంత బాగా చేయగలరని అడిగితే, ‘హీ’ విన్న పిల్లలు అందరికన్నా తక్కువ మార్కులు వేశారు. ‘హీ’ అంటే ఆమె కూడా అన్న సూత్రం చిన్న తరగతుల పిల్లల్లో ఎక్కువమందికి తెలియనే తెలియదు. అది పెద్దయ్యాక బడిలో అంటించే సూత్రం.

చివరికి గెలిచింది మొదట ఉన్న మాటే. వ్యాకరణవేత్తలు రెండు వందల ఏళ్లు కొట్టేసినా ‘దే’ జనం నోట బతికే ఉంది. 2007లో, మహిళా దినోత్సవం నాడే, ఇకమీదట ప్రభుత్వ బిల్లుల్లో పురుష సర్వనామం ఒక్కటే వాడబోమని బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించింది. 2019లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం తన రచనా నియమావళిలో ఏకవచన ‘దే’ను ఒప్పుకుంది. ఆడా మగా అన్న రెండు గళ్లలో ఇమడని మనుషులకు కూడా ఆ మాటే చోటిచ్చింది. మన దగ్గర 2024 జులై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, ‘హీ’ అంటే పురుషుడు, స్త్రీ, ట్రాన్స్‌జెండర్ ఎవరైనా అని నిర్వచించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్ని గుర్తించింది, మంచిదే. ‘హీ’ మాత్రం కుర్చీ దిగలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆడా మగా తేడా తెలియని మాట వాడితే అన్నిచోట్లా న్యాయం జరుగుతుందనుకుంటే ప్రమాదం. 2013 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్డినెన్సు అత్యాచారానికి బదులు ‘లైంగిక దాడి’ అని రాసి, చేసినవారిని ‘పర్సన్’ అంది. వ్యాకరణపరంగా చూస్తే ఎంతో సమంగా ఉంది. మహిళా సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఎవరు ఎవరి మీద చేస్తున్నారో ఆ మాట కప్పేస్తుందని, ఫిర్యాదు చేసిన స్త్రీ మీదే ఎదురు కేసు పెట్టడానికి పనికొస్తుందని వాదించాయి. తర్వాత పార్లమెంటు చేసిన చట్టంలో నేరం చేసేది ‘మ్యాన్’ అని మళ్లీ వచ్చింది. హక్కు ఇచ్చేచోట ‘మ్యాన్’ వద్దన్నవాళ్లమే, నేరం చెప్పేచోట ‘మ్యాన్’ ఉండాలన్నాం. ఇందులో వైరుధ్యం ఉందని నన్ను చాలామంది అడిగారు. నాకు కనబడదు. రెండుచోట్లా అడిగింది, జరిగేదాన్ని జరిగినట్టు చెప్పమనే.

ఇంక తెలుగు. మనకు ‘తన’ ఉందని మురిసిపోయాం కదా, పూర్తిగా మురవడానికి లేదు. మన వ్యాకరణంలో పురుషులు మహద్వాచకాలు. మహత్ అంటే గొప్పది. ఏకవచనంలో ‘అతను వచ్చాడు’కు వేరే క్రియ ఉంది. ‘ఆమె వచ్చింది’, ‘గేదె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అన్నిటికీ ఒకటే క్రియ. బహువచనానికి వచ్చేసరికి మాత్రం ఆడవాళ్లు మగవాళ్లతో కలుస్తారు, ‘వాళ్లు వచ్చారు’ అంటాం. గేదెలేమో ‘వచ్చాయి’. అంటే తెలుగులో స్త్రీకి ఒంటరిగా దొరకని మర్యాద గుంపులో దొరుకుతుంది. సంఘం పెట్టుకోమని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు!

ఇంగ్లీషువాళ్లు మూడు వందల ఏళ్లు కొట్టుకున్న ఏకవచన బహువచనాల తగాదా మనకు అసలు తగాదాయే కాదు. ‘టీచరుగారు వచ్చారు’ అంటాం, ఒక్కరే వచ్చినా సరే. అందులో ఆడా మగా తెలియదు, అవసరం లేదు. అయితే ఆ ‘వచ్చారు’ ఎవరికి దక్కుతుంది? కలెక్టరమ్మ వచ్చారు, డాక్టరమ్మ వచ్చారు. అదే ఆఫీసు ఊడ్చే మనిషి వచ్చింది. కూలికి వెళ్లే దళిత స్త్రీ గురించి చెప్పేటప్పుడు ‘అది వచ్చింది’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆమె ఆ అనేవాళ్ల అమ్మ వయసుదైనా సరే. లింగ భేదం లేని సర్వనామం మన చేతిలోనే ఉంది, దాన్ని కులాన్ని బట్టి, జీతాన్ని బట్టి పంచుతున్నాం. మన సంస్థల నివేదికలు తీసి చూడండి. ప్రాజెక్టు అధికారి ‘వివరించారు’, లబ్ధిదారు ‘చెప్పింది’.

ఇంగ్లీషు చట్టాల్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘హీ’ని ‘అతడు’ అని దించేస్తున్నారు. దాంతో ఏమవుతుందో ఒకటి చెబుతాను. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరయిన ఒక పొదుపు సంఘం బైలాలు చూడమని నాకిచ్చారు. అందరూ ఆడవాళ్లే ఉన్న సంఘం. బైలాలు ఎవరో ఇంగ్లీషు నమూనా నుంచి తెలుగు చేశారు. అందులో ‘సభ్యుడు మరణించినచో అతని పొదుపు మొత్తమును అతని భార్యకు చెల్లించవలెను’ అని ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఒక సభ్యురాలు చనిపోయింది. భర్త ఎప్పుడో వదిలేసి వెళ్లి వేరే కాపురం పెట్టాడు, ఆమెను సాకింది తల్లి. డబ్బు దగ్గరకొచ్చేసరికి అతను దిగాడు. ‘భార్య’ అంటే ఇక్కడ ‘భర్త’ అని అర్థం చేసుకోవాలన్నారు సంఘానికి సలహాలిచ్చే పెద్దమనిషి. పురుషవాచకంలో స్త్రీ వస్తుంది కాబట్టి, స్త్రీవాచకంలో పురుషుడు రావాలట. చూశారా, కావలసి వచ్చినప్పుడు సూత్రం వెనక్కి కూడా నడుస్తుంది! తల్లి మూడు నెలలు తిరిగింది. చివరికి సంఘం సభ్యులంతా కూర్చుని, బతికుండగా ఆమె అందరి ముందు చెప్పిన మాట ప్రకారం తల్లికే ఇవ్వాలని తీర్మానం రాసుకున్నారు.

ఆ తర్వాత బైలా తిరగరాయడానికి కూర్చున్నాం. ‘సభ్యులు మరణిస్తే వారు రాసిచ్చిన వారికి చెల్లించాలి’ అని నేను రాశాను, ఆడా మగా లేకుండా, మర్యాదగా. ఒక పెద్దావిడ, చదువు లేదు, చదివించుకుని వింది. “ఈ ‘వారు’ ఎవరు, ఆ ‘వారు’ ఎవరమ్మా? రేపు మళ్లీ వాళ్లే వచ్చి మేమే ఆ వారంటే?” అంది. అప్పుడు ఇలా మార్చాం: ‘సభ్యురాలు చనిపోతే, ఆమె పొదుపు డబ్బు మొత్తం, ఆమె సంఘం పుస్తకంలో ఎవరి పేరు రాయించిందో ఆ మనిషికే ఇవ్వాలి. భర్తకైనా, తల్లికైనా, కూతురికైనా, ఇంకెవరికైనా ఆమె రాయించుకోవచ్చు. ఏడాదికోసారి సమావేశంలో ఆ పేరు ఆమెకు చదివి వినిపించాలి, మార్చుకుంటానంటే మార్చాలి.’ పాత వాక్యం కన్నా మూడింతలు పొడుగుంది. ఆమె రెండుసార్లు చదివించుకుని సరే అంది.

మీ సంఘాల బైలాలు, దరఖాస్తు ఫారాలు తెమ్మని ముందే చెప్పాను. తెచ్చినవాళ్లు భోజనాలయ్యాక ఇటు పక్క బల్ల దగ్గరికి రండి. ‘అతడు’ ఉన్నచోటల్లా పెన్సిలుతో గీత గీసుకుని రండి, కొట్టేయకండి. ఆ ‘అతడు’ ఎవరని అడిగిన తర్వాతే ఏది ఉంచాలో, ఏది మార్చాలో చూద్దాం.